ఎర్ర చుక్క దగ్గర ముల్లు

నేను ఒక కొలతను. గాలిని కొలుస్తాను. అదీ ఎక్కువ గాలిని కాదు, తక్కువ గాలిని. లారీ టైర్లకు, కారు టైర్లకు వేరే మీటర్లున్నాయి. అవి వంద పౌన్ల దాకా లెక్కపెడతాయి. నా ముఖం మీద సున్నా నుంచి పదిహేను దాకానే గీతలు. లావు చక్రాల సైకిలు కోసం నన్ను చేశారు. ఆ సైకిలు టైరు బెత్తెడుకు పైనే వెడల్పుంటుంది. ఇసుకలోనో బురదలోనో అది నడవాలంటే దాని కడుపు నిండకూడదు. అర్ధాకలితో ఉంటేనే నడుస్తుంది. ఎంత ఆకలి ఉండాలో చెప్పడమే నా ఉద్యోగం.

నా కడుపులో నెలవంకలా వంగిన సన్నని ఇత్తడి గొట్టం ఒకటుంది. గాలి లోపలికి రాగానే ఆ వంపు కొంచెం విచ్చుకుంటుంది. అది విచ్చుకున్నంత మేరకు నా ముల్లు జరుగుతుంది. నా గొప్పతనమంతా ఆ వంపులోనే ఉంది. నన్ను చేసిన చోట ఒకామె నా మూతి ఒక గొట్టానికి ఆనించి మూడుసార్లు పరీక్షించింది. మూడుసార్లూ నిజం చెప్పాను. ఆమె నా వైపు చూడనైనా చూడకుండా పెట్టెలో వేసేసింది. నిజం చెప్పినందుకు ఎవరూ మెచ్చుకోరని నాకు ఆరోజే అర్థమైంది.

నన్ను కొన్నవాడు విశాఖపట్నంలో పళ్ళ డాక్టరు. పేరు సుధాంశు. మనిషి మంచివాడు. ఏదైనా మొదలుపెడితే దానికి కావలసిన సామానంతా ముందు కొనాలని ఆయన నమ్మకం. సైకిలుతో పాటు చేతి పంపు, సైకిలు కడ్డీల మధ్య ఇమిడే మూడు మూలల సంచి, వెడల్పాటి మడ్‌గార్డులు, వెనక బరువు మోసే స్టాండు, తలకు కట్టుకునే లైటు, ఒక గంట తెప్పించాడు. హ్యాండిలుకు తొడిగే దళసరి తొడుగులు కూడా వచ్చాయి. మంచు కురిసే దేశాల్లో చేతులు గడ్డకట్టకుండా వాటిలో చేతులు దూర్చి తొక్కుతారట. మే నెలలో, విశాఖపట్నంలో, ఆ తొడుగులు పెట్టె విప్పినప్పుడు ఇంట్లో ఫ్యాను గిరగిరా తిరుగుతోంది.

ఆయన పుస్తకం చదివినట్టు నన్ను చదివాడు. పొడి ఇసుకకు ఆరు పౌన్లు చాలని తెలుసుకున్నాడు. భార్య ఇందుమతి గోళ్ళరంగు సీసా అడగకుండా తీసి, నా అద్దం మీద ఆరు దగ్గర ఒక ఎర్ర చుక్క పెట్టాడు.

"సైకిలును కారు మీద కట్టి సముద్రం దాకా తీసుకెళ్తారు, మళ్ళీ కారు మీద కట్టి తీసుకొస్తారు. మధ్యలో మీరు తొక్కింది ఎంతండీ?" అని ఒకసారి ఇందుమతి అడిగింది.

"మొదట్లో అలవాటు కావాలి కదా."

"మీకా, కారుకా?"

డాక్టరు నవ్వాడు. మొత్తం మీద మూడుసార్లు తొక్కాడు. మూడుసార్లూ ముందు నన్ను టైరు మూతికి ఆనించి చుక్క దగ్గర ముల్లు ఆగేదాకా చూశాడు. నన్ను ఎలా వాడాలో ఆయనకు పూర్తిగా తెలుసు. వాడే అవసరమే ఆయనకు లేకపోయింది. తర్వాత ఆయనకు ఈత మీద మనసు మళ్ళింది. ఉత్తరాన చినమొగ అనే పల్లె దగ్గర సముద్రం ఒడ్డున ఆయన స్నేహితుడి గెస్ట్‌హౌస్ ఒకటుండేది. వచ్చినవాళ్ళు సరదాగా తొక్కుకుంటారని సైకిలునీ మమ్మల్నందరినీ అక్కడికి పంపేశాడు.

వచ్చినవాళ్ళు సైకిలు పక్కన నిలబడి ఫొటోలు దిగారు. రెండేళ్ళకు సముద్రం ముందుకొచ్చి గెస్ట్‌హౌస్ ప్రహరీని కోసుకుపోయింది. చినమొగకు వచ్చే రోడ్డు కూడా నాలుగు కిలోమీటర్ల మేర ఇసుకలో కలిసిపోయింది. గెస్ట్‌హౌస్ మూసేసే రోజున వంటమనిషి, రోజూ చేపలు తెచ్చే దానమ్మను పిలిచి, "అప్పా, దీన్నట్టుకెల్లు. ఇక్కడుంటే తుప్పట్టిపోద్ది" అని సైకిలు చూపించాడు. ఆమె చక్రాలను చూసి, "ఇదేటి, సైకిలుకు బోదకాలొచ్చిందేటి?" అంది. అన్నది కాని, తీసుకెళ్ళింది.

దానమ్మకు యాభై దాటాయి. భర్త పోయి చాలా కాలమైంది. గోచీ పోసి కట్టిన చీర, నెత్తి మీద చుట్టకుదురు, దాని మీద గంప. అదే ఆమె జీవనం. తెల్లవారేసరికి పడవల దగ్గర వేలంలో చేపలు పాడుకుని, ఇసుకలో నాలుగు కిలోమీటర్లు నడిచి, తారురోడ్డెక్కి, ఇంకో రెండు కిలోమీటర్లు పోయి టీచర్ల కాలనీలో అమ్ముతుంది. ఆమె ఇంట్లో మా సైకిలు ఏడాది పాటు నెత్తళ్ళ చేపలు ఆరబెట్టుకునే దండెంలా నిలబడింది. మంచుదేశపు తొడుగులకు మాత్రం వెంటనే పని దొరికింది. ఐసు గడ్డలు పగలగొట్టేటప్పుడు దానమ్మ వాటిలో చేతులు దూర్చుకునేది. నేను మూడు మూలల సంచిలో, ఆమె చుట్టల కట్ట పక్కన, ఊరికే పడి ఉన్నాను.

చినమొగ ఆడవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరి వీధి వాళ్ళది. ఒకరి వాడుక ఇళ్ళకు ఇంకొకరు పోరు. కాని ఒక గంప మూడు పొద్దులు వరసగా వీధికి రాకపోతే ఆ వీధి ఖాళీ అయినట్టే. మూడో పొద్దున అక్కడ ముందు ఎవరి బేరం తెగితే వీధి వాళ్ళది. పెళ్ళి ఉన్నా, చావు ఉన్నా, ఒంట్లో బాగా లేకపోయినా అంతే. తినేవాళ్ళు చేపలు లేకుండా ఎన్నాళ్ళుంటారని పెద్దవాళ్ళు పెట్టిన నియమం. టీచర్ల కాలనీలోని ఇరవై రెండిళ్ళు దానమ్మవి. వాళ్ళత్త చేతి నుంచి వచ్చాయి.

ఒకరోజు ఆమె పడవ దగ్గర గంప ఎత్తుకుంటూ జారిపడింది. కుడి మోకాలు కొబ్బరిబొండంలా వాచింది. మొదటి పొద్దు పోయింది. రెండో పొద్దూ పోయింది. ఆ మధ్యాహ్నం ఆమె గడపలో కాలు చాపుకుని కూర్చుని ఉంటే ఎర్రమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళ మనిషి, గట్టి మాట. ఆమె వీధిలో ఏడిళ్ళే ఉన్నాయి.

"అప్పా, కాలెలాగుంది?"

"కాలు కోసమొచ్చినావా, కాలనీ కోసమొచ్చినావా?"

ఎర్రమ్మ తల దించుకోలేదు. "రెండిటి కోసమూ. నువ్వు రేపొస్తే నానెల్లను. రాకపోతే నానెల్తాను. సాటుగా ఎల్లడం నాకిష్టం నేదు, అందుకే సెప్పినాను."

"మంచి పని సేసినావు. ఎల్లు, పొయ్యి మీద గంజుంది, తాగీసెల్లు."

ఎర్రమ్మ గంజి తాగే వెళ్ళింది.  ఆమె వెళ్ళాక దానమ్మ గోడ పట్టుకుని లేచి, నెత్తళ్ళన్నీ దులిపి, సైకిలును బయటికి లాగింది. చిన్నప్పుడు తండ్రి సైకిలును కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కినదామె. మరిచిపోయేది కాదది.

పడవ ఇంజన్లు బాగుచేసే గున్నయ్యను పిలిచింది. అతను పంపుతో గాలి కొట్టాడు, బొటనవేలితో టైరు నొక్కాడు, మళ్ళీ కొట్టాడు, మళ్ళీ నొక్కాడు. వేలు దిగనంత గట్టిపడ్డాక సంతోషించాడు. సైకిలంటే అందరికీ తెలిసిన సంగతి అదే. గాలి గట్టిగా ఉండాలి. నేను సంచిలో నుంచి కేకపెట్టాలనుకున్నాను. నాకు నోరు ఉంది కాని అది గాలి పీల్చడానికి మాత్రమే.

"రాయిలాగుంది వదినా. ఎక్కు."

దానమ్మ ఎక్కింది. రెండు గజాలు పోగానే ముందు చక్రం ఇసుకలో నాగలిలా దిగబడింది. ఆమె పక్కకు ఒరిగి పడింది. వలలు అల్లుకునేవాళ్ళు నవ్వారు.

"గాలి సాల్నేదు," అన్నాడు గున్నయ్య. ఇంకా కొట్టాడు. ఈసారి గజంలోనే పడింది.

పడినచోటే కూర్చుని ఆమె ఇసుక వైపు చూస్తూ ఉండిపోయింది. నేను సంచిలోంచి సగం బయటికి జారి ఉన్నాను కాబట్టి ఆమె చూస్తున్నదేమిటో నాకూ కనిపించింది. గున్నయ్య చెప్పుల జాడలు లోతుగా, మడమ దగ్గర గుంటలు పడి ఉన్నాయి. ఆమె ఒట్టి పాదాల జాడలు వెడల్పుగా, పైపైన ఉన్నాయి.

"గున్నయ్యా, ఇసకలో నీకేల దిగబడతాదో తెలుసా? నీ కాలు సెప్పులో బిగిసిపోయుంది. మా కాలు పరుసుకుంటాది. దీనికీ సెప్పులేసీసినావు నువ్వు. గాలి తీసీ."

"గాలి తీసీడమేటి వదినా! తీసిన గాలితో సైకిలెవులైనా తొక్కుతారా?"

"తీసీమన్నాను."

బుస్సుమని గాలి పోయింది. ఎంత తీయాలో ఎవరికీ తెలియదు. మొత్తం తీస్తే టైరు చక్రం కింద నలిగిపోతుంది. అప్పుడు దానమ్మ చేయి నా మీద పడింది. ఇటూ అటూ తిప్పి చూసింది.

"గడియారం అది, ఆగిపోయుంది," అన్నాడు గున్నయ్య.

"గడియారానికి రెండు ముళ్ళుంటాయి. దీనికొక్కటే. మూతి సూడు, టైరు మూతికి పట్టీలాగుంది." నా మూతిని టైరుకు ఆనించింది. ఎన్నేళ్ళ తర్వాతో నా వంపులోకి గాలి వచ్చింది. ముల్లు పన్నెండు దగ్గర ఆగింది. ఆమె ఎర్ర చుక్కను గోటితో గీకి చూసింది. అది పోలేదు. "ఎవులో మనిషి ఇక్కడ సుక్కెట్టినాడు. ఊరకే ఎట్టడు కదా."

నన్ను చదవడానికి నా ముఖం మీద అంకెలున్నాయి, ఇంగ్లీషు అక్షరాలున్నాయి. దానమ్మకు అవేవీ రావు. ఎవరో తన కోసం కాకుండా పెట్టుకున్న ఒక చుక్కను ఆమె చదివింది. కొంచెం తీయడం, చూడడం, కొంచెం తీయడం, చూడడం. ముల్లు చుక్క మీదికి వచ్చాక ఆపింది. బొటనవేలితో టైరును నొక్కి, ఆ మెత్తదనాన్ని కాసేపు అలాగే పట్టుకుంది. "మగ్గిన సపోటాలాగుంది," అంది.

సైకిలు వెళ్ళింది. ఇసుకను దున్నలేదు, దాని మీద పరుచుకుంటూ వెళ్ళింది. వలల దగ్గర నవ్వు ఆగిపోయింది. నడిస్తే ఓర్చుకోలేనంత నొచ్చే మోకాలు తొక్కుతుంటే ఓర్చుకోగలిగేంతే నొచ్చింది.

మూడో పొద్దున చేపలు పాడుకోవడం, వెనక స్టాండుకు ఐసుపెట్టె కట్టుకోవడం అయ్యేసరికి ఎర్రమ్మ బయలుదేరి చాలాసేపైంది. దానమ్మ ఆమెను ఇసుక చివర అందుకుంది. గంట కొట్టింది.

ఎర్రమ్మ తిరిగి చూసి గంపతో సహా ఆగిపోయింది. "ఒలమ్మో! అప్పా, ఇదేటి?"

"బోదకాలు. నాకొకటి, దీనికి రెండు. తప్పుకో."

"తారురోడ్డు మీద సూద్దుం నీ బోదకాలు!" అని వెనక నుంచి ఎర్రమ్మ అరిచింది. ఆమె కోపంలో అన్నా అదే నిజమైంది. తారు మీద మెత్తని టైరు జిగురు పూసినట్టు లాగింది. ఒక ఫర్లాంగు పోయేసరికి దానమ్మ మోకాలు మంటెత్తింది. జంక్షన్లో లారీలకు పంక్చర్లు వేసే కొట్టుంది. అక్కడ ఆగింది. కొట్టువాడు లారీ చక్రం విప్పుతున్నాడు. ఆమె నిలబడి ఉండగానే ఎర్రమ్మ గంపతో ఒక ఆటో ఎక్కి ముందు నుంచి వెళ్ళిపోయింది. వెళ్తూ ఇటు చూసింది కాని నవ్వలేదు.

"బాబూ, రెండు నిమిషాలు నాకు గాలెట్టీ. సూడు, కొలత కూడా ఉంది నా దగ్గర," అంటూ దానమ్మ నన్ను అతని చేతిలో పెట్టింది. అంత గర్వంగా నన్నెవరూ ఎవరికీ ఇవ్వలేదు.

అతను లారీలకు పెట్టే యంత్రంతో గాలి పట్టించాడు. రెండు క్షణాల్లో టైరు బిగిసిపోయింది. తర్వాత నా మూతి ఆనించాడు. అందులో నలభై పౌన్లు ఉండి ఉంటాయి. నేను పదిహేను దాకా లెక్క తెలిసినదాన్ని. నా ముల్లు అన్ని గీతలూ దాటి చివరి మేకుకు టప్పున కొట్టుకుంది. లోపల నా ఇత్తడి వంపు విచ్చుకుని, ఇంకా విచ్చుకుని, నిటారుగా అయిపోయింది. మళ్ళీ వంగలేదు.

"ఇది పాడైపోయింది గదమ్మా," అన్నాడతను, తాను పాడుచేశానని తెలియక.

దానమ్మ నన్ను రొంటిన దోపుకుని ఎక్కింది. గట్టి టైరు తారు మీద గాలిలా పోయింది.

కాలనీలో మొదటి ఇల్లు సుభద్రమ్మగారిది. రిటైరైన టీచరు. గేటు ముందు ఎర్రమ్మ గంప దించి ఉంది. సుభద్రమ్మ గిన్నె పట్టుకుని కానాగంత చేపలు ఏరుతోంది. ఇంకా బేరం తెగలేదు. గంట మోత విని ఆమె తలెత్తింది.

"దానమ్మా! రెండు రోజులు ఏమైపోయావు? సైకిలేమిటి, నువ్వేమిటి!" గిన్నె తీసుకుని ఇటు వచ్చేసింది.

ఎర్రమ్మ ముఖం మాడిపోయింది. వీధి పోయినందుకు మాత్రమే కాదు. వాళ్ళలో ఇంకో పట్టింపు ఉంది. దించిన గంపను ఒక్క చేపైనా అమ్మకుండా ఎత్తుకుంటే ఆ రోజంతా బేరం సాగదని నమ్ముతారు. ఆమె చుట్టకుదురు చేతిలో పట్టుకుని, ఎత్తుకోలేక, ఉండలేక నిలబడింది.

దానమ్మ పెట్టె మూత తీసి పావుకిలో తూచింది. "అమ్మా, ముందు నా బేరం. ఇది నా ఈది గనక. ఇప్పుడెల్లి దాని కాడ ఒక కిలో తీసుకోండి. దించిన గంపని ఉత్తినే ఎత్తించకూడదు."

సుభద్రమ్మ ఇద్దరి ముఖాలూ చూసింది. వెళ్ళి కిలో తీసుకుంది. ఎర్రమ్మ చేపలు తూస్తూ, "ఒక కానాగంత ఎక్కువేసినానండి," అని మెల్లగా అంది. ఎవరికి చెప్పిందో.

చిల్లర కోసం దానమ్మ చెయ్యి పెడితే ఆమె రొంటి నుంచి నేను బయటికొచ్చాను. సుభద్రమ్మ నన్ను అందుకుని కళ్ళజోడు సర్దుకుంది. "గాలి మీటరా? పదిహేను దాటిన చోట పెట్టకూడదని రాసి ఉందే దీనిమీద."

"ఆ మాట పొద్దున్న సెప్పాలి కదండీ," అంది దానమ్మ. చుక్క మీద వేలు పెట్టి, "ఆ ఎర్ర సుక్క కాడ ఏటుందండి?" అని అడిగింది.

"ఆరు."

"అయితే నాను ఆరు సదివీసినట్టేనా?"

"చదివేశావు."

దానమ్మ నన్ను వెనక్కి తీసుకుని ఆ అంకెను చూసింది. మళ్ళీ చూసింది. దాని వంపు నా లోపలి వంపులాగే ఉంటుందని నేను అప్పుడే గమనించాను. నా వంపు అప్పటికే లేదు.

తిరుగు దారిలో ఇసుక మొదట్లో ఆమె సైకిలు దిగింది. గట్టి టైరుతో ముందుకు పోవడం కుదరదు. గాలి తీయాలి, నేనేమో మేకుకు అంటుకుపోయి ఉన్నాను. ఖాళీ గంపతో వెనక వస్తున్న ఎర్రమ్మ కూడా ఆగింది.

"ఎంత తీస్తావప్పా? నీ యంత్రం సచ్చిపోయింది కదా."

దానమ్మ గాలి వదులుతూ, బొటనవేలితో నొక్కుతూ పోయింది. ఒకచోట ఆపింది. "ఇలా రా. నీ యేలెట్టు. గేపకముంచుకో. మగ్గిన సపోటా."

ఎర్రమ్మ వేలు పెట్టి చూసింది. తర్వాత తన గంపను స్టాండు మీద ఐసుపెట్టెపై బోర్లించి కట్టేసింది. దానమ్మ తొక్కుతుంటే ఆమె పక్కన ఉత్త తలతో నడిచింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ దారిలో తలెత్తి సముద్రాన్ని చూశానని ఇంటికెళ్ళాక ఎవరితోనో అంది.

ఇప్పుడు ఎర్రమ్మ కూడా తొక్కుతుంది. దానమ్మ మోకాలు మొరాయించిన రోజుల్లో సైకిలు ఆమె చేతికి వెళ్తుంది. ముందు టీచర్ల కాలనీలో దానమ్మ పేరు మీద అమ్మి, తర్వాత తన వీధికి పోతుంది. సైకిలు వస్తే దానమ్మ గంప వచ్చినట్టేనని చినమొగ ఆడవాళ్ళు కట్టుబాటును కొంచెం వంచుకున్నారు. నిటారుగా అయిపోయినదాన్ని నేను. వంగగలగడం ఎంత గొప్పో నాకు బాగా తెలుసు.

నన్ను హ్యాండిలుకు వలతాడుతో కట్టారు. ఉప్పుగాలికి నా అంచులు పచ్చబడ్డాయి. అద్దం పగిలింది, ఎర్ర చుక్క మాత్రం అలాగే ఉంది. రోజూ పొద్దున దానమ్మ ముందు నా మూతిని టైరుకు ఆనిస్తుంది. నా ముల్లు కదలదు. అప్పుడు బొటనవేలితో నొక్కి చూసుకుని బయలుదేరుతుంది.

మొన్న ఎర్రమ్మ ఉండబట్టలేక అడిగింది. "అప్పా, అది పాడైపోయి ఏడాదయింది. దాన్నింకా కట్టుకు తిరగడమెందుకు? పారీయరాదేటి?"

దానమ్మ ఐసుపెట్టెకు తాడు బిగిస్తూ, తలెత్తకుండానే అంది.

"నా మోకాలూ పాడైపోయింది. కోసి పారీసినానేటి?"

అని నన్ను టైరుకు ఆనించింది. అలవాటుగా ఒక్క క్షణం ఆగి, నేనేదో చెప్పినట్టే, తలూపింది.